బ్యాటరీ లేని బండి

మా వీధి చివర మెకానిక్ షెడ్డులో చివరి గుంత ఉండేది. చీకటి పడ్డాక దాని ఛాయలకి ఎవరూ పోయేవారు కాదు.

గుంతంటే నీళ్ళ గుంత కాదు. బండి కింద నిలబడి పని చేసుకోవడానికి నేలలో తవ్వి సిమెంటు చేసిన గొయ్యి. మనిషి దిగితే తల మాత్రమే పైకి కనిపిస్తుంది. అలాంటివి ఆ షెడ్డులో వరసగా ఉండేవి. చివరిదాని మీద మాత్రం ఒక పాత మీగడ రంగు కారు ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడి ఉండేది. టైర్లలో గాలి లేదు. అద్దాల మీద వేలెడు దుమ్ము. లోపల బ్యాటరీ ఎప్పుడో తీసేశారు.

బ్యాటరీ లేని ఆ బండి కొన్ని రాత్రుళ్ళు తనంతట తనే స్టార్టయ్యేది.

నేను విన్నాను. మా సీటు కవర్ల కొట్టుకీ ఆ షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. కొట్టు వెనక గదిలోనే మా కాపురం. ముందు ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు... ఆ తర్వాత గరగరమని గొలుసు ఈడ్చిన చప్పుడు... రెండు ఊపిర్లు తీసుకునేంత సేపు. అంతలోనే ఆగిపోయేది. కాసేపటికి గోడ పగుళ్ళలోంచి మాడిన ఆయిల్ కంపు మా పక్క మీదికి పాకేది. నేను దుప్పటి ముక్కు మీదికి లాక్కునేదాన్ని. భయపడి కాదు, రోత పుట్టి.

"రాత్రి పిన్నిగారు వచ్చారు," అనుకునేవారు పొద్దున్నే షెడ్డులో మగాళ్ళు, గొంతు తగ్గించి.

పిన్నిగారంటే పెద్ద మేస్త్రీ భార్య. షెడ్డు ఆయనది. ఆ కారు ఆవిడది.

నాకు మురికంటే ఒళ్ళు జలదరిస్తుంది. గ్రీజు చేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నవాణ్ణి చూస్తే ఆ పూట నాకు ముద్ద దిగదు. అలాంటిదాన్ని ఏరికోరి మెకానిక్కి ఇచ్చి చేశారు మావాళ్ళు. నా బాధ అర్థమైన మనిషి ఈ వీధిలో పిన్నిగారొక్కరే. "మొగుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి సబ్బు చేతికివ్వమ్మా, ముప్పావు కాపురం అక్కడే బాగుపడుతుంది," అనేవారు నవ్వుతూ. ఆవిడ కారు సీట్లు నేనే కుట్టాను. డ్రైవరు పక్క సీటు ఆవిడది. ఆ పక్క తలుపు గొళ్ళెం అరిగిపోయి, బండి కుదుపుకి దానంతట అదే తెరుచుకునేది. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకునే ఊరంతా తిరిగేవారు.

అలాంటి మనిషిని, పోయాక దెయ్యాన్ని చేశారు. చేసింది ఎవరో కాదు, కట్టుకున్నవాడే.

"నా భార్య ఆ బండిని వదల్లేదు," అని పెద్ద మేస్త్రీ తనే చెప్పేవాడు. "ఆ గుంతలోకి ఎవరూ దిగొద్దు. బానెట్ మీద చెయ్యి వెయ్యొద్దు. ఆవిడకి కోపం వస్తుంది."

పగలంతా ఇంజిన్లతో కాపురం చేసే మగాళ్ళు ఆ మాటకి తలలూపి తప్పుకుని తిరిగేవారు. బ్యాటరీ లేని బండి మరి! నాకైతే ఒకటే అనిపించేది. పిన్నిగారికి కోపం వస్తే నోటితో కడిగేసేవారు, గొలుసులు ఈడ్చేవారు కాదు.

ఈ కారుతోనే మా ఆయన బతుకు కూడా ఆగిపోయింది. ఆ సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

కారు ఇంజిన్ లోపల సైకిల్ చైన్ లాంటి గొలుసు ఒకటి తిరుగుతుంది, టైమింగ్ చైన్. అది వదులవకుండా పక్కనుంచి బొటనవేలంత సామాను ఒకటి నొక్కి పట్టుకుంటుంది. దాన్ని టెన్షనర్ అంటారు. కొత్తది కొంటే, దాని స్ప్రింగు ముందే బయటికి తన్నకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చి ఇస్తారు. ఇంజిన్‌కి బిగించాక ఆ పిన్ను లాగెయ్యాలి. మర్చిపోతే టెన్షనర్ నొక్కదు, గొలుసు లోపల వదులుగా కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని ఒక పన్ను జారిందా, ఇంజిన్ తుక్కు కింద లెక్క. మెకానిక్ పెళ్ళాన్ని కదా, ఇవన్నీ నేర్చుకున్నాను, చేతికి అంటకుండా.

మర్చిపోకుండా ఉండటానికి పెద్ద మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. గోడకి ఒక చెక్క. దాని మీద మనిషికో మేకు. అన్నిటికంటే పైన మేస్త్రీ మేకు. లాగిన పిన్నుని ఎవరి మేకుకి వాళ్ళు తగిలించాలి. మేకు మీద పిన్ను కనిపిస్తేనే తాళం తిప్పాలి. మర్చిపోయినవాణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టేవాడు. పద్ధతి మంచిదే, అబద్ధం చెప్పకూడదు.

పిన్నిగారికి జబ్బు ముదిరిన రోజుల్లో ఆ కారు టెన్షనర్ పాడైంది. తన భార్య బండి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని మేస్త్రీ తనే మార్చాడు. అప్పట్లో అక్కడే పని చేసే మా ఆయన పక్కన లైటు పట్టుకుని నిలబడ్డాడు, అంతే. పని మధ్యలో షెడ్డు పైనున్న మేస్త్రీ ఇంట్లోంచి పిలుపొచ్చింది. మా ఆయన్ని ఇంటికి పంపేసి మేస్త్రీ పైకెళ్ళాడు. తిరిగొచ్చి ఆ రాత్రే ఒక్కడూ మూత బిగించేశాడు. పొద్దున్న అందరి ముందూ తాళం తిప్పాడు. గొలుసు గరగరమంది.

మా ఆయన గోడ వైపు చూసి మెల్లిగా అన్నాడట. "మేస్త్రీగారూ... మీ మేకు ఖాళీగా ఉంది."

అంతే ఆయన చేసిన నేరం.

"నా మేకు వైపు చూస్తావేంరా? బిగించింది నువ్వు," అన్నాడు మేస్త్రీ. "లోపల ఏం విరగ్గొట్టావో ఏమో. నా భార్య చివరి కోరిక, ఒక్కసారి బండిలో తిప్పమంది. నాశనం చేశావు."

అక్కడున్న పదిమందికీ తెలుసు ఎవరు బిగించారో. ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ళ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు వాంతి వచ్చినట్టుంటుంది. ఆ వారంలోనే పిన్నిగారు పోయారు. ఇక ఆ బండి విప్పి చూద్దామని అనే ధైర్యం ఎవరికుంటుంది? చావుబతుకుల్లో ఉన్న మనిషి కోరిక తీరకుండా చేసిన చెయ్యని మా ఆయన చేతికి పేరు పడింది. ఊళ్ళో ఎవరూ ఆయనకి ఇంజిన్ ఇవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు. వీధిలో ఏ బండి వెళ్ళినా కత్తెర ఆగేది. తల ఒక పక్కకి వంచి వినేవాడు. మళ్ళీ కత్తిరించుకునేవాడు.

మా మరిది అప్పటికి వేరేచోట పని నేర్చుకుంటున్నాడు. తర్వాత అదే షెడ్డులో చేరాడు. అన్నని గెంటినచోటే తమ్ముడు చేరడమేంటని మీరంటారు. ఇల్లు గడవాలిగా. రోత మింగి ఊరుకున్నాం.

ఈ మధ్య షెడ్డు కూల్చేస్తారని తేలింది. బళ్ళన్నీ బయటికి పోవాలి. పిన్నిగారి కారుని తుక్కుకి పంపేస్తానన్నాడు మేస్త్రీ.

"ఒక్కసారి మూత విప్పి చూస్తానండీ. టెన్షనర్ మార్చేస్తే తన కాళ్ళ మీద తను బయటికి వస్తుంది," అన్నాడు మా మరిది.

"ఆవిడ ఊరుకోదు," అన్నాడు మేస్త్రీ. "పొద్దున్నే తుక్కువాళ్ళు వస్తారు."

ఆ సాయంత్రం మా మరిది కొట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. గుడ్డలో చుట్టిన కొత్త టెన్షనర్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"వదినా, ఆ బండి తుక్కులోకి పోయిందంటే అన్నయ్య పేరు కూడా దాంతోనే పోతుంది. లోపల ఏముందో ఈ రాత్రే చూడాలి."

"దెయ్యం ఉంటుందిగా, భయం లేదా?"

"నీతో ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఇంకా భయమేంటి?"

"పో, పోయి సబ్బు వెంట తీసుకెళ్ళు," అన్నాను. మా ఆయన కత్తెర కిందపెట్టాడు.

ఇక్కణ్ణుంచి మా మరిది చెప్పిందే. నేను కలిపింది ఏమీ లేదు, మధ్యమధ్య ఛీ తప్ప.

వెనక తలుపు నెట్టుకుని లోపలికెళ్ళాడు. మేస్త్రీ ఇల్లు షెడ్డు పైనే కాబట్టి లైటు వెయ్యలేదు. ఫోను వెలుతురు అరచేత్తో మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి నేల చూసుకుంటూ నడిచాడు. సామానంతా ఎత్తేసిన షెడ్డు. అడుగు వేస్తే అడుగు వెనక ఇంకో అడుగు వినిపిస్తోంది — గోడల ప్రతిధ్వనే.

చివరి గుంత దగ్గర పడుతుంటే ముందు కంపు తగిలింది. మాడిన ఆయిల్... దాని కింద ఇంకేదో, నిలవ నీళ్ళలో ఏదో కుళ్ళినట్టు.

కారు అలాగే ఉంది. దుమ్ము, గాలిలేని టైర్లు. గుంత అంచున వంగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఏళ్ళ తరబడి చల్లబడి ఉన్న బండి... వెచ్చగా...

అప్పుడు దగ్గింది.

అతని కాళ్ళ ముందే, మనిషి గొంతు సవరించుకున్నట్టు దగ్గి, బండంతా వణికి, గరగర గరగరమని గొలుసు ఈడ్చుకుంది. అద్దంలోంచి లోపలికి చూశాడు. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతోంది. స్టీరింగ్ వెనక ఎవరూ లేరు. పక్క సీటు, నేను కుట్టిన సీటు, ఆ ఎర్రటి వెలుగులో ఖాళీగా వణుకుతోంది.

చప్పుడు ఆగిపోయింది.

"పిన్నిగారూ..." అన్నాడట మా మరిది. "నేనే... చెడు చెయ్యడానికి రాలేదు..."

కిందనుంచి ఊపిరి వినిపించింది. తడి ఊపిరి. ముక్కుతో కాదు, నోరు తెరిచి తీస్తున్న ఊపిరి.

పారిపోదామనుకున్నాడు. వెనక్కి తిరగబోతే, ఫోను మీంచి అరచెయ్యి జారిపోయింది. వెలుతురు సూటిగా గుంతలోకి పడింది.

ముందు ఒక చెయ్యి కనిపించింది. మోచేతి దాకా నల్లటి జిగురు. అంచు పట్టుకుని ఉంది... దాని వెనకనుంచి మొహం పైకి లేచింది. బుగ్గలు రెండూ లోపలినుంచి ఎర్రగా వెలుగుతున్నాయి, నిప్పు మింగినట్టు. నోటి రెండు పక్కలనుంచీ చొంగ కారి నల్లటి గడ్డం మీద మెరుస్తోంది.

మా మరిది వెనక్కి పడ్డాడు.

నోట్లోంచి ఏదో ఊడి గుంతలో పడింది. వెలుగు కూడా దాంతోపాటే కిందపడింది. చిన్న టార్చి.

"లైటు ఆపరా," అని గుసగుసలాడింది ఆ మొహం. "వీధి లేస్తుంది..."

పెద్ద మేస్త్రీ.

రెండు చేతులూ ఖాళీ కావాలని టార్చిని పళ్ళమధ్య పెట్టుకుని, గుంతలో నిలబడి ఉన్నాడు. పక్కనే గట్టు మీద షెడ్డులోని ఏదో బ్యాటరీ, దానికి రెండు వైర్లు. కిందనుంచే వైరు తాకించి బండి స్టార్ట్ చేస్తున్నాడు. గుంత అడుగున పాత ఆయిలూ వాననీళ్ళూ కలిసి చీలమండల దాకా ఉన్నాయి. బొద్దింకలు వెల్లకిలా తేలుతున్నాయి. వాటి మధ్య చెప్పుల్లేకుండా నిలబడ్డాడట, ఊరికి నీతులు చెప్పే మనిషి.

"ఏం చేస్తున్నారు మేస్త్రీగారూ?"

"రావట్లేదురా," అన్నాడు ఆయన. "ఇన్నేళ్ళుగా... లాగుతూనే ఉన్నాను. ఈ బండి సామాను కొత్తది కొంటే ఎందుకని అడుగుతారు. వచ్చిందనుకుని స్టార్ట్ చేస్తాను. మళ్ళీ గొలుసు కొట్టుకుంటుంది. పొద్దున్నే తుక్కువాళ్ళు విప్పుతారు. అందరూ చూస్తారు..."

మా మరిది గుంతలోకి దిగి టార్చి వేశాడు. ఇంజిన్ పక్కన చిన్న మూత విప్పి ఉంది. లోపల టెన్షనర్. టెన్షనర్‌కి అడ్డంగా, ఆయిల్ మాడి గట్టిపడిన నల్లటి మడ్డిలో... పిన్ను.

కొన్ననాడు గుచ్చిన పిన్ను, గుచ్చినట్టే ఉంది.

దెయ్యం దొరికింది చూశారా? తను మర్చిపోయిన పిన్ను కోసం మా ఆయన బతుకు తీశాడు. ఎవరూ మూత విప్పకుండా చచ్చినావిడని కాపలా పెట్టాడు. ఆవిడ పేరు చెప్పి ఊరిని భయపెట్టి, ఆవిడ బండి కిందే బొద్దింకల్లో దేవులాడుకున్నాడు. నిజంగా దెయ్యమే అయినా నాకు ఇంత అసహ్యం వేసేది కాదు.

"మీరు పైకి రండి," అన్నాడు మా మరిది.

మేస్త్రీ బోర్లించిన డబ్బా మీద ముడుచుకుని కూర్చున్నాడు. మా మరిది గొలుసు పన్ను జారకుండా గుర్తుల మీదే ఉందని చూసుకున్నాడు. అది అదృష్టమే. పిన్ను కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగాడు. జారింది. మళ్ళీ లాగాడు. కదల్లేదు.

"రాదు," అన్నాడు మేస్త్రీ చీకట్లోంచి. "నేను లాగినప్పుడల్లా... అవతలనుంచి ఎవరో పట్టుకుంటారు. నిజంరా. దెయ్యం మాట నేను కల్పించిందే. కానీ ఇది మాత్రం... కల్పించింది కాదు."

మా మరిది చుట్టూ ఒకసారి టార్చి తిప్పి చూశాడు. పిన్ను వదిలేసి, ఉన్న రెండు బోల్టులూ విప్పి, గొలుసు జారకుండా ఒక చేత్తో పట్టుకుని టెన్షనర్‌నే బయటికి తీశాడు, పిన్నుతో సహా. ఆ సందులోంచి నల్లటి జావ ఒక్కసారిగా వచ్చి చొక్కా లోపల పొట్ట దాకా కారింది. కొత్తది పెట్టాడు, బిగించాడు, దాని పిన్ను లాగి తన మేకుకి తగిలించాడు. మూత వేశాడు.

"మీ అన్నకి చెప్పకు," అన్నాడు మేస్త్రీ. "కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటాను." అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నిజంగానే వంగాడట ఆ జిడ్డు చేతులతో.

మా మరిది కాళ్ళు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చాడు.

నేను వాణ్ణి గుమ్మంలోనే ఆపి సబ్బు ఇచ్చాను. వాడు ముందు పాత టెన్షనర్ చుట్టిన గుడ్డ మూట ఇచ్చాడు. మా ఆయన నిద్రపోలేదు. మూట తీసుకెళ్ళి కుట్టుమిషన్ బల్ల మీద, రేపు ఇవ్వాల్సిన తెల్లగుడ్డ పక్కనే విప్పాడు. కంపుకి నేను ముక్కు మూసుకున్నాను. వద్దని మాత్రం అనలేకపోయాను.

చాలాసేపు చూశాడు. "ఉంది," అన్నాడు.

"రాదు అన్నయ్యా, ప్లేయర్‌తో కూడా లాగాను," అన్నాడు మా మరిది గుమ్మంలోంచి.

మా ఆయన రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. గుడ్డ కత్తిరించి కత్తిరించి మెత్తబడిపోయిన వేళ్ళు. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు పిన్ను వచ్చేసింది. స్ప్రింగు టక్కుమని తన్నింది. నల్లటి చుక్కలు తెల్లగుడ్డ నిండా పడ్డాయి.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పొద్దున్న షెడ్డు ముందు అందరూ చేరారు. మేస్త్రీ స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాడు. గోళ్ళ సందుల్లో మాత్రం నలుపు ఉంది. మా ఆయన అన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఆ గడప దాటాడు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, చెక్క మీద అన్నిటికంటే పైనున్న మేకుకి ఆ పిన్ను తగిలించాడు. పక్కనే పాత టెన్షనర్ పెట్టాడు.

అక్కడివాళ్ళు మెకానిక్కులు. ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పట్లో నోరు విప్పనివాళ్ళు ఇప్పుడూ విప్పలేదు, కాకపోతే ఈసారి నేల చూశారు.

మేస్త్రీ ఒకసారి మేకు వైపు, ఒకసారి మా వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. అచ్చం రాత్రుళ్ళు వినిపించే దగ్గులాగే.

"చూశారా..." అన్నాడు. "మా ఆవిడే... తీసిచ్చింది."

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తర్వాత తీసేశాను.

"ఇక ఆవిణ్ణి వదిలెయ్యండి మేస్త్రీగారూ," అన్నాను. "కాపలా కాసింది చాలు. దిగి వెళ్ళనివ్వండి."

ఆయన తెల్లచొక్కాతోనే గుంత గట్టు మీద కూలబడ్డాడు.

టైర్లకి గాలి కొట్టారు. బ్యాటరీ పెట్టారు. తాళం మా మరిది చేతిలో ఉంది. వాడు దాన్ని వాళ్ళన్నకి ఇచ్చాడు. మా ఆయన ఎక్కి కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకుని, తిప్పాడు. బండి దగ్గి అందుకుంది. గొలుసు చప్పుడు లేదు. మా ఆయన తల ఒక పక్కకి వంచి విన్నాడు. ఆ మొహం చూడటానికే నేను ఇన్నాళ్ళూ ఈ కంపులో బతికానేమో.

బండి మెల్లిగా గుంత దాటి వెలుతురులోకి వచ్చి, నా ఎదురుగా ఆగింది. డ్రైవరు పక్క తలుపు తెరుచుకుంది. నిండుగా, మనిషి దిగేంత తెరుచుకుని, కాసేపు అలాగే ఉండి, మెల్లిగా మూసుకుంది.

దాని గొళ్ళెం అరిగిందని నాకు తెలుసు. ఆ సీటు కుట్టింది నేనే. అయినా పక్కకి జరిగి దారి ఇచ్చాను.